కొనకముందే నిండిన డిస్కు

ఇంత పెద్ద డిస్కు దేశంలో ఎవరూ కొనలేదనీ, ఇకమీద పుట్టబోయే ఏడు తరాల పేర్లు ఎక్కించినా ఇంకా చోటు మిగులుతుందనీ మంత్రిగారు మైకులో ప్రకటించారు. జనన రికార్డులన్నీ అందులోకి చేర్చాక, సోమవారం పదిన్నరకు పాత డిస్కును వారు స్వహస్తాలతో తుడిచేస్తారు. చేర్చే పని ప్రోగ్రామర్ అమ్మాయిది.

శుక్రవారం ఆమె కొత్త డిస్కు తగిలించింది. ఖాళీ ఎంత అని ప్రోగ్రాం అడిగితే సున్నా అని జవాబొచ్చింది. ఒక్క పేరూ ఎక్కలేదు.

తప్పు డిస్కుది కాదు. ప్రోగ్రాముకూ డిస్కుకూ నడుమ కబుర్లు మోసే, లైబ్రరీ అనే పాతకాలపు కోడుది. అది ఏ లెక్కయినా పది అంకెల్లోనే చెబుతుంది. ఈ డిస్కు ఖాళీ పద్నాలుగు అంకెలు. ముందు అంకెలు ఊడిపోయి చివరి సున్నాలే మిగిలాయి. ఆమె పరుగున డైరెక్టరు గారి గదికి వెళ్ళింది.

"లైబ్రరీలో 'ఖాళీ ఎంత' అనే పాత ప్రశ్నను అలాగే ఉంచి, పెద్ద సంఖ్యలు చెప్పే కొత్త ప్రశ్న ఒకటి చేరుస్తాను సార్. ఒక్క పూట పని."

డైరెక్టరు గారు నియమం తప్పని మనిషి. "ఆ లైబ్రరీని వాడే పాత ప్రోగ్రాములు ఎన్నున్నాయి?"

"నలభై సార్."

"నలభైయ్యీ తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి."

"ప్రోగ్రాములు సంతకం ఎలా పెడతాయి సార్?"

"చదువు రాకపోతే వేలిముద్ర వెయ్యమను."

"పోనీ, పాత డిస్కుకు నకలైనా తీయనివ్వండి."

"అసలు ఉండగా నకలెందుకమ్మా?"

సోమవారం మంత్రిగారు దండలతో సహా వచ్చి తెర చూశారు.

"సున్నా ఏమిటయ్యా?"

"ఖాళీ సున్నా అంటే నిండిపోయినట్టు సార్," అన్నారు డైరెక్టరు గారు. "తమరి హయాంలో కొనకముందే నిండింది."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. చప్పట్లు మోగాయి.

"ఆగండి సార్! అందులో ఏమీ లేదు!" అని అమ్మాయి అరిచింది.

"ఏమీ లేనిది నిండుగా ఎలా ఉంటుంది తల్లీ?" అని మంత్రిగారు వాత్సల్యంతో నవ్వి మీట నొక్కారు. పాత డిస్కు అద్దంలా శుభ్రపడింది.

మర్నాటి నుంచి ఆఫీసు కిటికీ ముందు జనం. పుట్టినట్టు రుజువు కావాలని అందరిదీ ఒకటే గోల. ఒక ముసలాయన తనతోపాటు అన్నగారిని సాక్ష్యం తెచ్చుకున్నాడు. ముందు ఆ అన్నగారు పుట్టిన సంగతి తేల్చమన్నారు గుమాస్తాలు.

బుధవారం అమ్మాయికి మెమో వచ్చింది. ఉద్యోగం ఊడిందనుకుంటూ వెళ్ళింది. డైరెక్టరు గారి గదిలో వీడ్కోలు సభకు వేసిన కుర్చీలను ఇద్దరు మోసుకుపోతున్నారు.

"ఇవాళ మీ రిటైర్‌మెంటు కదా సార్?"

"ఎవరన్నారు? నేనెప్పుడు పుట్టానో ఎక్కడైనా రాసుందా?" ఆయన ఆమె మెమో చింపి బుట్టలో వేశారు. "కూర్చో అమ్మాయ్. ఆ కొత్త ప్రశ్నేదో నింపాదిగా రాయి. నాకేమీ తొందర లేదు."