ఎవరి కుర్చీలో వారే

మహిళా బిల్లు పార్లమెంటుకు వచ్చిన ఏడాది అది. ఆ రోజు యూనివర్సిటీలో సదస్సు: చట్టసభల్లో మహిళా కోటా, అర్హతల ప్రశ్న. తార్నాకలోని ఇంట్లో దివాకర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే సిద్ధమయ్యాడు. ఏళ్ల తరబడి తాత్కాలిక లెక్చరర్. ఇవాళ ప్రసంగం మెప్పిస్తే ఉద్యోగం పర్మనెంటుకు సిఫార్సు చేస్తానని శాఖాధ్యక్షురాలు విశాలాక్షి మాటిచ్చింది. ఆ ప్రసంగం రాసింది మాత్రం అతని భార్య భాగ్య. ఆమెదీ అదే శాఖలో ఎమ్మే. పిల్లలు పుట్టాక ఇంటిపట్టునే ఉండిపోయింది.

"ఒక్కసారి చదువుకోండి. నా సంగతులు రాసినకాడ మార్చుకోవాలె," అంది భాగ్య. "నేను గూడ రానా?"

"నువ్వెందుకు? ఊకె బోర్ కొడ్తది. బస్సుల చదువుకుంట తియ్."

బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడటానికే రెండు చేతులూ చాలలేదు. ఇక చదివేదెక్కడ!

సభలో తొలి చిక్కు వేదిక మీదే ఎదురైంది. కోటాలో గెలిచిన సర్పంచ్ చిట్టెమ్మకు వేసిన కుర్చీలో ఆమె భర్త ఇన్నయ్య దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"సర్పంచ్ గారేరి?" అన్నాడు దివాకర్.

"నేనే సార్. ఆమె పేరుకే. సంతకం ఆమెది, మాట్లాడుడు నాది. గాడ ఎనక కూసున్నది."

దివాకర్‌కు ఒళ్లు మండింది. మైకు అందుకున్నాడు. "ఎవరి కుర్చీలో వాళ్లే కూర్చోవాలి! ఎవరి మాట వాళ్లే మాట్లాడాలి! దిగండి!"

చప్పట్లు మారుమోగాయి. ఇన్నయ్య గొణుక్కుంటూ వెనక బెంచీకి పోయాడు. చిట్టెమ్మ వచ్చి కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది.

ఆ ఊపులోనే దివాకర్ కాగితాలు తీసి చదవసాగాడు. "గెలిచిన మగవాళ్లను ఏం చదివావని ఎవరూ అడగరు. ఆడవాళ్లనే అడుగుతారు. నా సంగతే చూడండి. రెండో కాన్పయిన నెలకే, పాలు చేపి రవిక తడుస్తుంటే, కొంగు కప్పుకుని ఎమ్మే పరీక్ష రాశాను..."

ముందు వరుసలో ఒకమ్మాయి కిసుక్కుమంది. ఆ తర్వాత హాలంతా ఘొల్లుమంది.

"అంటే... ప్రసంగం నాదే. కాన్పే మా ఆవిడది!" అన్నాడు దివాకర్ కంగారుగా.

వెనక బెంచీ మీంచి ఇన్నయ్య లేచాడు. "రాసుడు ఆమెది, మాట్లాడుడు మీది. గంతేనా సార్? మరి నన్నెందుకు దింపిన్రు?"

విశాలాక్షి నవ్వలేదు. "భాగ్యను తీసుకురండి," అంది. తార్నాక ఎంత దూరమని! స్కూటర్ వెళ్లింది. ఇంటి చీరలోనే వచ్చిన భాగ్య, భర్త చేతిలోని కాగితాలు అందుకుంది. దివాకర్ తలదించుకుని వేదిక దిగాడు.

ఆమె మొదటినుంచీ చదివింది. అదే కాన్పు, అదే పరీక్ష. ఈసారి ఎవరూ నవ్వలేదు. చిట్టెమ్మ కళ్లొత్తుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట భార్య నోట తాను ఇప్పుడే వింటున్నానని దివాకర్‌కు తెలిసొచ్చింది.

ప్రసంగం ముగిశాక విశాలాక్షి మైకు దగ్గరే అంది. "శాఖలో ఉన్న పర్మనెంట్ ఖాళీ ఒక్కటే. నువ్వూ దరఖాస్తు పెట్టు, భాగ్యా."

వెనక బెంచీ దగ్గర నిలబడ్డ దివాకర్‌ను చూసి ఇన్నయ్య కొంచెం పక్కకు జరిగాడు. "గీడ కూసోండ్రి సార్."

ఆ బెంచీ మీద చోటుకు మాత్రం ఎవరూ అర్హతలు అడగలేదు.