గంట పక్కన మేకు

ఒలీవకొమ్మ స్కూల్లో సైరను మూగబోయిన మూడేళ్లకి, యూకేజీ చదివే ఆగ్నెస్ వాళ్లమ్మ వేళాంగిణి భయాన్ని తీసుకుని ఆఫీసు గది బయట, గంట పక్కన మేకుకి తగిలించారు. ఇందుకు మూడు ప్రతుల్లో దరఖాస్తు, పాస్‌పోర్టు సైజు ఫొటో సరిపోయాయి.

ఆపదొస్తే పిల్లల్ని కాపాడే ఏర్పాట్లున్నాయో లేదో చూడ్డానికి అధికారి వస్తున్నాడు. మోగే వస్తువంటూ ఒకటి లేకపోతే స్కూలు మూతపడుతుంది. మంటలార్పే ఎర్ర సిలిండరుకి గడువు తీరి తొమ్మిదేళ్లయినా, రంగు కొత్తగా వేశారు కాబట్టి దాంతో పేచీ లేదు. సైరను మాత్రం రంగేసినా మోగలేదు. వేళాంగిణి అయితే రోజూ గేటు దగ్గర మోగుతూనే ఉంది. మెట్లు తడిగా ఉన్నాయి సిస్టర్, నీళ్లట్యాంకు మూత వదులైంది సిస్టర్, వంటషెడ్డులో గ్యాసు గొట్టం చీలింది చూశారా సిస్టర్! హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ అనస్తాసియాకి దారి దొరికింది.

“ఎనిమిదితో చదువాపేశానని ఊరికే మొహమాటపడతావు గానీ, ఇంత భయం డిగ్రీ చదివినోళ్ల దగ్గర కూడా లేదు. మాకిచ్చెయ్యి తల్లీ.”

“పాపకేం కాదుగా సిస్టర్?”

“అదిగో, ఆ మాటతో సహా ఇచ్చెయ్యి.”

వేళాంగిణి రెండుసార్లు గట్టిగా దగ్గింది. నానబెట్టిన చింతపండు ముద్దంత భయం దోసిట్లో పడింది. స్టాకు రిజిస్టరులో ‘భయం, తల్లిది, ఒకటి’ అని ఎక్కించారు.

భయం చక్కగా పనిచేసింది. మెట్ల మీద ఎవడు పరిగెత్తినా మోగేది. టిఫిన్ బాక్సులో చేపముల్లు కనపడినా మోగేది. మోగినప్పుడల్లా పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, పాట పాడుకుంటూ గ్రౌండులోకి వచ్చేవాళ్లు. రోజుకి ఆరేడుసార్లు రావడంతో లెక్కల పీరియడు దాదాపు రద్దయింది. పిల్లల ఆనందం ఇంతా అంతా కాదు.

ఇంటి దగ్గర వేళాంగిణి, పాప పుట్టాక మొదటిసారి అన్నం వేడిగా ఉండగానే తింది. మధ్యాహ్నం కాళ్లు చాపుకుని నిద్రపోయింది. బండి తీస్తూ ఆమె మొగుడు జోజి ఆగాడు.

“ఏమే, ఇయ్యాల హెల్మెట్ పెట్టుకోమన్లేదేంటి?”

“పెట్టుకుంటే పెట్టుకో. లేకపోతే గాలి తగులుద్ది.”

జోజి బెదిరిపోయి హెల్మెట్ పెట్టుకున్నాడు.

తనిఖీ రోజు పొద్దున ఫాదర్ బాలశౌరి వచ్చారు. ఆ స్కూల్లో కొత్త ఫ్యానొచ్చినా, మోటారొచ్చినా ఆయన నీళ్లు చల్లి దీవించాల్సిందే. భయం మీద కూడా చెయ్యి పెట్టి కళ్లు మూశారు. ముప్పై ఏళ్లుగా తన ముందు మోకరించిన తల్లులకి చేసిన ప్రార్థనే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. “ప్రభువా, ఈ భయాన్ని నెమ్మదిపరచు.” అందరూ ఆమెన్ అన్నారు. భయం మెత్తబడి, మేకు మీదే నిద్రపోయింది.

పదకొండింటికి అధికారి వచ్చి దీన్ని మోగించే మీట ఏదని అడిగాడు. అదే సమయంలో వంటషెడ్డు నుంచి గ్యాసు వాసన మొదలైంది. వాసన అందరికీ తగిలింది. కానీ భయం మోగలేదు కాబట్టి నిబంధన ప్రకారం ఆపద ఇంకా రాలేదు. టీచర్లు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పాఠం కొనసాగించారు.

తల్లో మల్లెపూలు పెట్టుకుని అతిథిగా వచ్చిన వేళాంగిణికి కూడా వాసన తెలిసింది. గ్యాసు వస్తోంది. పాప గదిలో ఉంది. రెండు సంగతులూ ఆమె మనసులో పక్కపక్కన కూర్చున్నాయి గానీ, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

కిటికీలోంచి ఆగ్నెస్ పిలిచింది. “అమ్మా, కంపు కొడతంది! నువ్వు అరవ్వేంటి?”

పాప అడిగింది కదా అని వేళాంగిణి మేకు మీది ముద్ద తీసి మింగింది. గుండె తగలగానే భయం ఉలిక్కిపడి లేచింది.

“ఓరి నాయనో, గ్యాసు! లేవండర్రా, ఎవరూ స్విచ్చి ముట్టుకోబాకండి!”

రెండు నిమిషాల్లో మూడొందల పన్నెండు మంది పాట పాడుకుంటూ గ్రౌండులో ఉన్నారు. వాచ్‌మన్ వెళ్లి గ్యాసు సిలిండరు కట్టేశాడు. ఏదీ అంటుకోలేదు. పిల్లలు మళ్లీ అరవమని చప్పట్లు కొట్టారు. వేళాంగిణి పాపని చంకనెత్తుకుని వేళ్లూ చెవులూ లెక్కచూసుకుంది. ఛాతీలో బరువు మునుపటి చోటే సర్దుకుని కూర్చుంది. ఆ బరువుతోనే ఆమెకి నవ్వొచ్చింది.

అధికారి సంతృప్తిగా ‘శబ్దం స్పష్టం’ అని రాశాడు. సైరను మరమ్మతు అన్న చోట ‘అవసరం లేదు’ అని రాశాడు. గ్యాసు గొట్టానికి ఫారంలో గడి లేదు. రేపట్నుంచి ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా గంట పక్కన కూర్చోవాలని సిస్టర్ వేళాంగిణికి స్టూలు చూపించింది. గేటు దగ్గర అప్పుడే తల్లులు తమ భయాలు కూడా ఇచ్చేద్దామని స్టీలు డబ్బాలతో వరసకట్టారు.

ఒక్క గడి మిగిలింది: గడువు తీరే తేదీ.

“ఎన్నాళ్లు పనిచేస్తదమ్మా ఇది?”

“తెలవదు సార్,” అంది వేళాంగిణి, పాప జుట్టు సర్దుతూ. “మా అమ్మది ఇంకా పనిచేస్తానే ఉంది.”