తెలియదనలేని వీరుడు

ఆ శనివారం పొద్దున లైబ్రరీ కింది గదిలోకి దిగేసరికి నా చేతిలో ఏడు పాచికలు, కొత్తగా చెక్కిన పెన్సిలు, ముప్ఫై పాయింట్లు, ఒక ఆఖరి హెచ్చరిక ఉన్నాయి.

హెచ్చరిక ఇచ్చింది లోర్నా టెష్ గారు. లైబ్రేరియన్‌గా రిటైరయ్యారు. మా ఆటలో కథ నడిపేది ఆవిడే. ఆ కథలో మేం తలా ఒక పాత్ర వేస్తాం. ఏం చేస్తామో మేం చెబుతాం, అది ఫలించేదీ లేనిదీ పాచికలు చెబుతాయి. పెద్ద అంకె పడితే మంచిది, చిన్నది పడితే గోవిందా. పదకొండేళ్లుగా మా చలికాలపు శనివారాలన్నీ ఇలాగే గడిచాయి. మా ఊళ్లో మిగతావాళ్లు గడ్డకట్టిన చెరువుకి బెజ్జం పెట్టి చేపలు పడతారు. ఆ బెజ్జాలు తొలిచే బర్మాలు నా ఇనప సామాన్ల కొట్లో అమ్మేది నేనే కానీ, నాకు చలి పడదు. నా భార్య పోయాక, మేకుల సైజు అడగని మనుషులు నాతో మాట్లాడేది ఆ బల్ల దగ్గరే.

"హార్లన్, నీ వీరులకి ఒక్క లోపమూ ఉండదు. నువ్వు గెలుస్తూ ఉంటావు, మేం ఆవలిస్తూ ఉంటాం" అన్నారు లోర్నా గారు పోయిన వారం. "ఈసారి పనికొచ్చే లోపంతో రాకపోతే నీ కుర్చీ పళ్ల డాక్టరుకి ఇచ్చేస్తాను. పాపం, రెండు నెలల నుంచి అడుగుతున్నాడు."

ఆట నియమం ఏమిటంటే, అందరికీ ఇచ్చే ముప్ఫై పాయింట్లు కాక, మన పాత్రకి ఒక లోపం రాసుకుంటే దాని బరువుని బట్టి అదనంగా పాయింట్లు వస్తాయి. వాటితో బలమో, కత్తిసామో కొనుక్కోవచ్చు. ముప్ఫై రెండేళ్లు ఇనప సామాన్ల కొట్టు నడిపినవాడికి ఇందులో కిటుకు ఒకరు చెప్పాలా? మనకి నొప్పి తెలియని లోపం చూసుకోవాలి. కుంటికాలు వద్దు, పరుగెత్తలేం. గుడ్డికన్ను వద్దు, గురి తప్పుతుంది. ఆట పుస్తకంలో లోపాల జాబితా చివర కనిపించింది: "తెలియదని చెప్పలేడు. ఆరు పాయింట్లు."

రెండుసార్లు చదివాను. ఇది లోపమెలా అవుతుంది? కొట్లో నేను రోజూ చేసే పనే కదా.

"ఇది చాలా బరువైన లోపమండీ" అన్నాను మొహం వేలాడేసి.

ఆవిడ కళ్లద్దాల మీంచి చూశారు. "నీకు మోయడం అలవాటేలే."

పాడి పశువులు మేపుకునే డెల్బర్ట్ పక్క కుర్చీలోంచి తొంగి చూశాడు. "ఒరే, పోయిన వేసవిలో మా సింకు బాగుచేయడం తెలుసని వచ్చింది నువ్వే కదా? మా వంటింట్లో బాతులు ఈదాయి."

ఆ ఆరు పాయింట్లూ పెట్టి నా వీరుడు ఆస్మండ్‌కి పెద్ద కత్తి కొన్నాను. బేరం బ్రహ్మాండంగా ఉందనుకున్నాను.

కథ ఓడ మీద మొదలైంది. నడిపేవాడు జ్వరంతో పడిపోయాడు. "చుక్కాని పట్టడం ఎవరికైనా తెలుసా?" అని అడిగారు లోర్నా గారు. నేను పైకప్పు చూశాను. "ఆస్మండ్, నీకు?"

"తెలుసు" అన్నాను. పాచికలో మూడు పడింది. ఓడ దక్షిణానికి వెళ్లాల్సింది ఉత్తరానికి వెళ్లి, మంచు దీవికి గుద్దుకుంది.

ఒడ్డున ముసలివాళ్లు చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నారు. "వీళ్ల భాష ఎవరికైనా వచ్చా? ఆస్మండ్?"

"వచ్చు." ఈసారి రెండు పడింది. పోస్టాఫీసులో పనిచేసే ఇంగా అల్లిక ఒళ్లో పెట్టుకుని, "ఏమంటున్నారు?" అంది.

"చలిగా ఉంది, మంట వేసుకోమంటున్నారు."

డెల్బర్ట్ పాత్ర మంట వేసింది. మంట వేయొద్దు, కింద డ్రాగన్ పడుకుని ఉందన్నది ఆ ముసలివాళ్ల మాటట. అప్పటికి డ్రాగన్ లేచింది.

"నా జోలపాట మీలో ఎవరికైనా తెలుసా?" అంది డ్రాగన్, లోర్నా గారి గొంతుతో. "తెలియదంటే పొండి. తెలుసని తప్పు పాడితే మాత్రం అందరినీ తింటాను."

"ఒక్క మాట అనరా" అన్నాడు డెల్బర్ట్. "నీ చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఈ ఒక్కసారి అను."

లోపాన్ని ఒకసారి దాటడానికి ఆరు పాయింట్లు కట్టొచ్చు. నా ముప్ఫై ముందే ఖర్చయ్యాయి, ఆ ఆరూ కత్తికింద పోయాయి. ఆ కత్తి నేనింతవరకూ ఒరలోంచి తీయలేదు. పళ్ల డాక్టరు నా కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు కళ్లకు కట్టింది.

"తెలుసు" అన్నాను.

"అయితే పాడు."

నాకు మొత్తం వచ్చిన పాట ఒక్కటే. మంచు తోసే పారల మీద మా కొట్టు రేడియోలో వేయించుకునే ప్రకటన. లేచి నిలబడి పాడాను, చివర్లో కొట్టు పనివేళలతో సహా. పాచికలో ఒకటి పడింది.

డ్రాగన్ ముందు నన్ను తింది. "ఆదివారం సెలవు" దగ్గరే మింగిందట. తర్వాత డెల్బర్ట్‌ని, ఇంగాని. పొద్దున పదకొండు గంటలు కూడా కాలేదు, అందరం పోయాం.

పాచికలు సంచీలో వేసుకుని కోటు తొడుక్కున్నాను. "కుర్చీ మీద దిండు నాదే. డాక్టరుగారికి అది కూడా ఇచ్చేయండి. మీ అందరినీ చంపాను, ఇంకే మొహంతో కూర్చోను?"

అప్పుడు చూశాను. ఇంగా బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతోంది. అల్లిక కింద పడి ఉంది. డెల్బర్ట్ టోపీతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"కూర్చో హార్లన్" అన్నారు లోర్నా గారు. "పదకొండేళ్లలో నీ మనిషి బతికితే బాగుండునని మొదటిసారి అనుకున్నాను. డాక్టరుగారు కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకుంటారు."

"వచ్చే వారం ఆస్మండ్ తమ్ముణ్ణి తీసుకురా" అంది ఇంగా. "వాడికీ అన్నీ తెలియాలి."

"వేషం బాగా కట్టావురా" అన్నాడు డెల్బర్ట్ మెట్లెక్కుతూ.

"కట్టిందేముంది, కొట్లో ఏప్రన్ విప్పేసి వచ్చాను, అంతే."

బయట చలికి డెల్బర్ట్ ట్రక్కు కదలనంది. వాడు ఇంజను మూత ఎత్తి, లోపలికి చూసి, నా వైపు తిరిగాడు. "దీనికేమైందో తెలుసా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను.

ఆ రోజు లెక్క చూసుకుంటే, పోయినవి ఒక ఓడ, ముగ్గురు వీరులు, డెల్బర్ట్ ట్రక్కు, మిగిలింది కుర్చీ.