ఐపీకి పిలుపులు

నేను దివాలా తీశానని బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు, ముఖ్యంగా నాకు అప్పులిచ్చిన మహనీయులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఇంటింటికీ వచ్చి చెప్పలేకపోయినందుకు మన్నించాలి. చాలామందికి కోర్టువారే రిజిస్టర్డు పోస్టులో తెలియజేశారు. అందనివారు దీన్నే స్వయంగా వచ్చి బొట్టు పెట్టి చెప్పినట్టుగా భావించాలి.

నా పేరు పరమేష్. సొంతూరు పత్తికొండ దగ్గర ఒక పల్లె. ప్రస్తుతం నగరం అంచున ఉన్న కల్లూరులో షేర్ ఆటో తోలుతున్నాను. వ్యవసాయంలో నాకు అపార అనుభవం ఉంది. టమోటా ధర పడిపోయిన ప్రతి ఏడూ టమోటా వేశాను. ధర ఆకాశాన్నంటిన ఏడు మాత్రం తెలివి తెచ్చుకుని వేయలేదు. పొలంలో నాలుగు మూలలా బోర్లు వేయించాను. నాలుగింట్లోనూ నాణ్యమైన దుమ్ము వచ్చింది. చివరికి పొలం అమ్మి, ఒక పాత ఆటో కొని, నగర జీవితంలోకి అడుగుపెట్టాను. పొలం అయితే పోయింది గాని, దాని మీద చేసిన అప్పులు నన్ను విడిచి ఉండలేక నాతోపాటు కల్లూరు వచ్చేశాయి.

మా ప్రాంతం సంగతి తెలియని వారికి ఒక మాట చెప్పాలి. ఇక్కడ దివాలాను దివాలా అనరు. ‘ఐపీ పెట్టినాడు’ అంటారు. అప్పులు తీర్చలేను బాబో అని కోర్టులో పిటిషన్ వేయడమన్నమాట. ఆ మాట పలికేటప్పుడు మావాళ్ల గొంతులో భక్తి వినిపిస్తుంది. మా కాలనీలో చీటీలు నడిపే అవినాష్ అనే అతను తొమ్మిది కోట్లకు ఐపీ పెట్టాడు. ఆ మరుసటి రోజు నుంచి అవినాష్ గారయ్యారు. ఇప్పుడు బామ్మర్ది పేరున ఉన్న మూడంతస్తుల మేడలో ఉంటూ, అత్తగారి పేరున ఉన్న కారులో తిరుగుతూ చాలా నిరాడంబరంగా కాలం గడుపుతున్నారు. ఆయన దగ్గర చీటీ డబ్బు పోగొట్టుకున్నవాళ్లే ఆయన కనబడితే లేచి నిలబడతారు. ఎంత బుర్రప్పా ఆయనది అని మెచ్చుకుంటారు. అంతటి గౌరవం పొందే అవకాశాన్ని చట్టం నాలాంటి వాడికి కూడా సమానంగా ఇచ్చిందని తెలిసి పొంగిపోయాను.

నిజానికి గౌరవం కోసం పోలేదు. భయంతో పోయాను. నా మొత్తం అప్పు నాలుగు లక్షల ఇరవై వేలు. అందులో సింహభాగం ఓబుళేశు గారిది. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ మీద పేదలను ఉద్ధరించడమే ఆయన వృత్తి. ఒక ఉదయం ఆయన మా వాకిట్లో బుల్లెట్ ఆపి, దిగకుండానే మాట్లాడారు.

“ఏమప్పా పరమేషూ, శానా దినాలుగా చూస్తాండా. ఉగాది లోపల నా దుడ్లు కట్టల్ల. లేదంటే నీ ఆటో తోలుకోని పోతా. ఏమీ అనుకోవద్దు. మన మధ్యన మనస్పర్థలు ఉండకూడదు.”

మనస్పర్థలు నాకూ ఇష్టం లేదు. కానీ రోజంతా తిప్పితే నాలుగైదు వందలు మిగిల్చే ఆ ఆటో తప్ప మా ఇంటికి వేరే ఆధారం లేదు. అది పోతే నేనూ, నా భార్య నాగలతా, ఇంటర్ చదివే మా పాపా ఏం తినాలో నాకు తెలియదు. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించలేదు. ఐపీ పెడితే కేసు తేలేదాకా ఆటో మీద ఎవరూ చెయ్యి వేయలేరని ఎవరో చెబితే, లాయరు నరసింహ గారి దగ్గరికి పరిగెత్తాను.

నరసింహ గారు తొమ్మిది కోట్ల కేసు వాదించిన మనిషి. నా అంకె విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నాలుగు లక్షల ఇరవై వేలా? ఇంత తక్కువకి ఐపీ పెడితే బార్ అసోసియేషన్లో నా మొగం ఎట్ల చూపించేదప్పా? ఇంకొంచెం అప్పు చేసుకోని రాకూడదా?”

తక్కువ అప్పుతో వచ్చినందుకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన కరుణించి ఒప్పుకున్నారు. ఖర్చులకు ఇరవై వేలు కట్టమన్నారు. నా దగ్గర డబ్బుల్లేవని చెప్పాను.

“లేవని కోర్టులో చెప్పల్ల, నా దగ్గర కాదు” అన్నారు.

న్యాయమే కదా. ఒక చిన్న ఫైనాన్స్ కంపెనీలో ఇరవై వేలు అప్పు తీసుకుని, నా దగ్గర డబ్బు లేదని నిరూపించుకోవడానికి కట్టేశాను. దివాలా తీయడానికీ కాస్త స్తోమత ఉండాలని అప్పుడు అర్థమైంది. పోతూ పోతూ ఆయన ఒక హెచ్చరిక చేశారు. “తిరిగి ఇయ్యాల్సినోళ్లని ఒక్కర్ని కూడా ఇడిసిపెట్టొద్దు. పైసాతో సహా రాసుకోని రా. దాసిపెట్టినావని తేలితే పిటిషన్ కొట్టేస్తారు.”

ఇంటికొచ్చి ఆ మాట నాగలతకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే అడిగింది.

“తిరిగి ఇయ్యాల్సినవంటే సదివింపులు రావాయ్యా మరి?”

ఇంత చిన్న విషయం లాయరుకు తట్టలేదేమిటా అని ఆశ్చర్యపోయాను. రెండేళ్ల క్రితం మా పాప ఓణీల ఫంక్షన్ చేశాం. వచ్చినవాళ్లు తలా ఒక కవరు చదివించారు. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో ప్రకటించారు. మా వాళ్లు రాసుకున్నారు, ఇచ్చినవాళ్లూ ఇంటికిపోయి రాసుకున్నారు. రేపు వాళ్లింట్లో శుభకార్యం జరిగితే అంతకు అంత, పైన ఇంకొంత కలిపి తిరిగి చదివించాలి. చదివించకపోతే ఎవరూ కేసు పెట్టరు. మూడు తరాల పాటు చెప్పుకుంటారు, అంతే. బ్యాంకు బాకీనైనా ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు మాఫీ చేస్తుంది. మేనత్త చదివించిన నూట పదహార్లు మాఫీ చేయగల ప్రభుత్వం ఇంకా పుట్టలేదు. అప్పు అంటే ఇదీ.

“రాస్తే అందర్నీ రాయల్ల” అంది నాగలత. “ఒకర్ని రాసి ఒకర్ని ఇడిస్తే బాగుండదు. రేపు మాట వస్తాది.”

అందరినీ రాశాం. ఎవరి మనసూ నొప్పించకుండా, పెద్దల పేర్లు ముందు, చిన్నల పేర్లు వెనుక వచ్చేలా, మా పక్షం వాళ్లూ ఆమె పక్షం వాళ్లూ సమంగా ఉండేలా జాబితా తయారైంది. లాయరు ఆఫీసులో దాన్ని ఎవరూ చదవలేదు. టైపు చేసి కట్ట మీద కట్ట పెట్టి కోర్టులో వేశారు. పత్తికొండ నుంచి రాజంపేట దాకా మా చుట్టాలందరికీ కోర్టు నోటీసులు వెళ్లాయి. ఫలానా తేదీన హాజరు కావాలి, మీకు రావలసిన మొత్తం ఇంత అని అందులో స్పష్టంగా ఉంది.

మొదట మా మేనత్త రామేశ్వరమ్మ పత్తికొండ నుంచి బస్సెక్కి వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోలేదు.

“ఏంరా, మా ఇంటికి పోలీసు కాగితం పంపిస్తావా? మా వంశంలో కోర్టు మెట్లు ఎక్కినోడు ఒగడు లేడు. నూట పదార్లకి నన్ను కోర్టుకీడుస్తావా? ఇచ్చే మనసు లేకపోతే నోటితో చెప్పల్ల.”

“మాఫీ చేసేస్తావా అత్తా?” అని ఆశగా అడిగాను.

“అదెట్ల చేస్తార్రా? ఇచ్చేటప్పుడు ఇయ్యి. కోర్టుకెందుకు పోతావంటాండా” అంది.

నాగలత అన్న కంబన్నది ఇంకో రకం బాధ. మా పాప ఫంక్షన్లో కంబన్న గారు ఐదువేల నూట పదహార్లు అని మైకు మారుమోగింది. ఆ కవరులో ఉన్నది ఐదు వందల పదహారు. బావ కదా అని అప్పుడు మేం నోరు మెదపలేదు. కానీ కోర్టుకు అబద్ధం చెప్పకూడదు కనుక ఐదు వందల పదహారే రాశాం. ఆ నోటీసు తీసుకున్నది ఆయన కోడలు. ఊరంతా చదివాకే అది ఆయన చేతికి వచ్చింది. ఇంత జరిగాక కూడా మా పక్కింటాయన మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. “మేమూ సదివించినాం కదప్పా, మాకెందుకు నోటీసు రాలేదు? మేము మనుషులం కామా?” అన్నాడు. ఆయన పేరు టైపులో ఎగిరిపోయింది. ఆ అపచారానికి ఇప్పటికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

వాయిదా రోజున కోర్టు హాలు పెళ్లిమంటపంలా కళకళలాడింది. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. ఎందుకంటే చాలాకాలానికి చుట్టాలందరూ ఒకచోట కలుస్తున్నారు. జడ్జి మేడమ్ హాలు నిండా చూసి, తర్వాత జాబితా చూసి, ఆపైన నన్ను చూశారు.

ఓబుళేశు గారి లాయరు లేచారు. “మేడమ్, శుభకార్యాల్లో ఇచ్చే కానుకలను అప్పులుగా చూపించి పిటిషనర్ ఈ న్యాయస్థానాన్ని మోసం చేస్తున్నాడు. పిటిషన్ కొట్టివేసి, ఆటో నా కక్షిదారుకు ఇప్పించాలి.”

నరసింహ గారు జాబితాను మొదటిసారి అక్కడే చదివారు. అయినా తొణకలేదు. “గౌరవనీయ న్యాయస్థానం వారు రాయలసీమ సంస్కృతిని గమనించాలి. ఇక్కడ చదివింపు కానుక కాదు. వడ్డీతో సహా తీర్చవలసిన పవిత్ర బాధ్యత. ప్రాణమైనా ఇస్తారు గాని, చదివించింది వదులుకోరు!” అని బల్ల చరిచారు.

జడ్జి మేడమ్ మా చుట్టాల వైపు తిరిగారు. “మేం ప్రేమతో ఇచ్చాం, మాకు తిరిగి అక్కర్లేదు అనేవాళ్లు ఉంటే లేచి నిలబడండి.”

ఒక్కరూ లేవలేదు. రామేశ్వరమ్మత్త కొంగు సర్దుకుంది. కంబన్న పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. మనం గెలిచినాం అని నరసింహ గారు నా చెవిలో అన్నారు.

అప్పుడు అవతలి లాయరు చిరునవ్వుతో మళ్లీ లేచారు. “మంచిది మేడమ్. చదివింపు అప్పే అనుకుందాం. మరి ఈయన ఇన్నేళ్లుగా ఇతరుల ఇళ్లలో చదివించినవి ఈయనకు రావలసిన బాకీలే కదా? అవి ఆస్తి. పిటిషన్లో ఆ ఆస్తి ఎక్కడా చూపలేదు. దాచిపెట్టాడు. కొట్టివేయాలి.”

నాకు ఆస్తి ఉందని నాకే తెలియదు. తెలియని ఆస్తిని దాచిన నేరానికి తెలిసిన ఆటో పోబోతోంది. నాగలత వైపు చూశాను. ఆమె వెనక బెంచీలోంచి లేచింది.

“మేము దాయలేదు మేడమ్, అడగలేదు గాబట్టి చెప్పలేదు. పెండ్లయినప్పట్నుంచి ఊరూరు తిరిగి సదివిస్తానే ఉండాం. ఎవరికెంతో నాకంతా నోటికుండాది. వీండ్లలో శానామంది మాకే ఇయ్యల్ల. చెప్పమంటే చెప్తా. మా అన్న పెద్దకూతురి పెండ్లికి రెండువేల నూట పదార్లు, వాళ్ల గృహప్రవేశానికి వెయ్యి...”

“అలాగైతే ఆ బాకీలన్నీ వీళ్ల దగ్గర వసూలు చేసి అప్పులవాళ్లకు పంచవలసి ఉంటుంది” అన్నారు జడ్జి మేడమ్, కలం తీసుకుంటూ.

ఆ మాటతో హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. జాతీయగీతానికి కూడా మావాళ్లు అంత ఐకమత్యంగా లేవరు.

“సదివింపులు అప్పేంది మేడమ్? ప్రేమ! ఉత్త ప్రేమ!” అన్నాడు కంబన్న.

“నా మేనల్లునికి ఇచ్చిండేది నేను వాపసు అడుగుతానా తల్లీ?” అని రామేశ్వరమ్మత్త కళ్లొత్తుకుంది.

అందరూ వరుసగా వచ్చి సంతకాలు, వేలిముద్రలు వేశారు. సదరు మొత్తాలు కేవలం ప్రేమాభిమానాలతో ఇచ్చినవనీ, ఎవరూ ఎవరికీ తిరిగి ఇవ్వనవసరం లేదనీ కోర్టు రికార్డులోకి ఎక్కింది. మా చుట్టాలు ఒకరినొకరు ప్రేమించుకుంటున్నారనడానికి నాకు తెలిసి అదొక్కటే రాతపూర్వక ఆధారం. మిగిలిన అప్పుల మీద పిటిషన్ నడుస్తుందనీ, కేసు తేలేవరకు ఆటో జోలికి ఎవరూ పోకూడదనీ జడ్జి మేడమ్ ఉత్తర్వు ఇచ్చారు. నేను బయటికి వచ్చి, ఆటో హ్యాండిల్ పట్టుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

ఆ కన్నీళ్లు ఆరకముందే కంబన్న మా ఇంటికి వచ్చాడు. చిన్నకొడుకు పెళ్లి కుదిరిందట. కార్డు మీద పసుపు రాసి చేతిలో పెట్టాడు.

“కోర్టులో సంతకం కోర్టుకి పరమేశా. ఇది ఇంటి యవ్వారం. మీ పాప ఫంక్షన్కి మేము ఐదువేల నూట పదార్లు సదివించినాం. మైకులో అందరూ ఇన్నారు. నీకు చెప్పేదేముండాది.”

ఆయన వెళ్లాక, తిరిగి ఇవ్వనవసరం లేదని కోర్టు కాగితం ఉంది కదా అని నాగలతతో అన్నాను.

“ఆ కాగితం మైకులో సదువుతారా?” అని అడిగింది. “ఆరువేలన్నా పెట్టకపోతే మా అన్న ఇంట్లో నేను తలెత్తుకోలేనయ్యా.”

ఇక నాకు అప్పిచ్చేవాడు లోకంలో లేడనుకున్నాను. వేరే దారిలేక ఓబుళేశు గారి ఇంటికే పోయాను. తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆరువేల నూట పదహార్లు లెక్కపెట్టి ఇచ్చారు. వడ్డీ మాత్రం నూటికి ఏడు.

“నువ్వు ఐపీ పెట్టేసినావు. మళ్లీ ఇంకోతూరి పెట్టలేవు” అన్నారు ఆప్యాయంగా. “ఈ కల్లూరులో నీయంత నమ్మకస్తుడు నాకింకెవరుండారప్పా?”

పెళ్లిలో మైకు మోగింది. పరమేష్, నాగలత దంపతులు, ఆరువేల నూట పదహార్లు. కోర్టుకొచ్చి సంతకాలు పెట్టిన చుట్టాలందరూ అక్కడే ఉన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఐపీ పెట్టినవాడికి ఇంత డబ్బు ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద. మీరు కూడా అడగరని నాకు తెలుసు. వచ్చే నెల మీ ఇంట్లో ఏదో శుభకార్యం ఉందట కదా, తప్పకుండా వస్తాం.