ఎండకు పెట్టిన పొట్లాలు

ఆ సోమవారం పొద్దున రామ్‌చందర్‌కు ఉన్నవి మూడే పనులు. బస్సులో వచ్చిన పెట్టె విప్పాలి. తెల్ల చీటీ అంటించిన పొట్లాలను చల్లని చోట దాచాలి. ఎర్ర చీటీ పొట్లాలను ఎండలో పెట్టాలి. పదింటికల్లా అన్నీ ముగించి, తిని, కాసేపు పడుకోవచ్చుననుకున్నాడు.

అతను దమ్మపేటలో వ్యవసాయ విస్తరణాధికారి. పెట్టె పంపింది హైదరాబాదులోని ఒక పరిశోధనా కేంద్రం. పొట్లాల్లో ఉన్నది తడితడిగా ఉండే నల్ల పొడి. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ పొడిని బెల్లం నీళ్లలో కలిపి పెసర విత్తనాలకు పట్టిస్తే, అవి మొక్క వేళ్ల మీద చిన్న బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా అందిస్తాయి. వాటితో ఒకటే చిక్కు. ఎండ తగిలితే చస్తాయి. ఎండకు చావని కొత్త రకాన్ని తయారుచేశామని కేంద్రం వారు అంటున్నారు. అది నిజమో కాదో తేల్చడానికి, పందొమ్మిది వందల ఎనభై ఏడు మే నెలలో, వారికి దమ్మపేటను మించిన చోటు దొరకలేదు.

ఎర్ర చీటీవి కొత్త రకం. పదిహేను రోజులు ఎండలో ఉండాలి. తెల్ల చీటీవి పాత రకం. చల్లగా ఉండాలి. తొలకరికి ఒక మడిలో అవి, ఒక మడిలో ఇవి, మూడో మడిలో ఏమీ పట్టించని విత్తనం. ఆగస్టులో కేంద్రం నుంచి డాక్టర్ నిర్మలాదేవి స్వయంగా వచ్చి చూస్తుంది. "శ్రద్ధగా చేస్తే మీ వైరా బదిలీ సంగతి పైవాళ్లతో నేను మాట్లాడతాను" అని ఆమె ఉత్తరంలో రాసింది.

వైరాలో రామ్‌చందర్ భార్య బడిలో పనిచేస్తోంది. వాళ్లకు ఏడు నెలల కూతురు. నెలకు రెండుసార్లు వెళ్లే తండ్రిని చూసి ఆ పిల్ల ప్రతిసారీ కొత్త మనిషిని చూసినట్టు ఏడుస్తుంది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే తాను ఆ ఏడుపుకు అలవాటుపడిపోతానని అతని భయం.

ఊళ్లో ఫ్రిజ్ ఉన్నది వెంకటనారాయణ ఇంట్లోనే. వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నవాళ్లు. ఆయన ఇంట్లో లేడు. భార్య పద్మావతమ్మ తెల్ల చీటీ పొట్లాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఏవుందండీ ఇందులో?"

"జీవులమ్మా. చిన్న చిన్నయి. కంటికి కనబడవు."

"అయ్యో. ఎప్పట్నుంచీ ఉన్నాయి?"

"కోట్లల్ల ఉంటయమ్మా. జర జాగ్రత్తగా చూడాలె."

"కోట్లా," అంది ఆమె జాలిగా. "మీరేమో ఒక్కరే ఉంటారాయె. చూసేవాళ్లు లేకపోతే ఇంతే. ఇక్కడ పెట్టి వెళ్లండి, నేను చూసుకుంటాను."

పద్మావతమ్మ మాట తప్పే మనిషి కాదు. కందిపప్పులోనో మినుముల్లోనో జీవులు పడితే ఏం చేయాలో ముప్పై ఏళ్లుగా ఆమెకు తెలుసు. ఫ్రిజ్ మాట రామ్‌చందర్ నోటితో అననే లేదు. అతని సైకిలు మలుపు తిరగగానే పొట్లాలు డాబా మీదికి చేరాయి. పాత చీర పరిచి, పొడిని పలచగా ఆరబోసి, పక్కనే గుమ్మడి వడియాలు పెట్టింది. సాయంత్రం ఎత్తింది. పొద్దున మళ్లీ పోసింది. వడియాలు నాలుగు రోజులకే ఎండాయి. పొడిని మాత్రం, కోట్లల్లో ఉన్నాయన్నారు కదా అని, పదిహేను రోజులూ ఎండబెట్టింది.

రామ్‌చందర్ అటునుంచి అటే ఎర్ర చీటీ పొట్లాలు తీసుకుని అడవి అంచున ఉన్న పగిడయ్య చేనుకు వెళ్లాడు. మడులు వేయాల్సింది అక్కడే. పగిడయ్య కోయ రైతు. ప్రశ్నలు తక్కువ వేస్తాడు. చేను పక్కన చెట్టు నీడ పడని నల్ల బండ ఒకటి ఉంది. రామ్‌చందర్ పొట్లాలను దాని మీద వరసగా పేర్చాడు.

"వీటికి పాణం ఉన్నదా సారూ?" అని అడిగాడు పగిడయ్య.

"ఉన్నది."

"ఏం తింటయ్?"

"బెల్లం పెడతం, విత్తేటప్పుడు."

"ఏం పని చేస్తయ్?"

"మొక్కకు బువ్వ పెడతయ్."

పగిడయ్య బండ వైపు చూశాడు. "బువ్వ పెట్టేటియి గదా. మరి గిట్ల ఎండల పండబెడ్తిరేంది?"

"ఎంతకు తట్టుకుంటయో చూద్దామని. మేకలు రాకుండ చూస్కో."

 పగిడయ్య గుడిసె చూరు కింద కొంచెం ఇసుక దిబ్బ ఉంది. నిరుడు పోయిన భార్య ఎర్రమ్మ దాని మీద నీళ్ల కుండ పెట్టేది. కుండ పగిలిపోయింది. ఇసుకను మాత్రం అతను రోజూ పొద్దున తడుపుతూనే ఉన్నాడు. సారు వెళ్లాక పొట్లాలన్నీ తెచ్చి ఆ ఇసుకలో మెడదాకా పాతి, పైన మోదుగాకులు కప్పాడు. సైకిలు గంట వినబడినప్పుడల్లా తీసి బండ మీద పేర్చేవాడు. గంట దూరమయ్యాక మళ్లీ ఇసుకలోకి మార్చేవాడు.

ఐదో రోజు రామ్‌చందర్ గంట కొట్టకుండా వచ్చాడు. పొట్లాలు బండ మీదే ఉన్నాయి. కానీ అడుగున తడి. పగిడయ్య ఆయాసపడుతున్నాడు.

"ఇదేంది, నీళ్లు?"

"చెమట సారూ," అన్నాడు పగిడయ్య. "ఉక్కబోస్తంది గదా, వాటికి గూడ."

రామ్‌చందర్ కాసేపు ఆలోచించి నోటుపుస్తకంలో రాసుకున్నాడు: 'కొత్త రకానికి ఎండలో తడి నిలుపుకునే గుణం ఉన్నట్టు కనబడుతోంది.'

తొలకరికి తెల్ల చీటీ పొట్లాలు తెచ్చుకోవడానికి వెళ్తే, పొడి గలగలలాడుతోంది. "చూశారా, ఒక్కటి మిగిలితే ఒట్టు," అంది పద్మావతమ్మ. ఒక్క పొట్లమూ చెడిపోలేదని ఆమె అంటోందనుకుని రామ్‌చందర్ చేతులు జోడించాడు. ఆ రోజు నోటుపుస్తకంలో ఫ్రిజ్ గాలి బాగా పొడిగా ఉంటుందని రాసుకున్నాడు.

విత్తారు. ఒక వాన పడి, తర్వాత ఇరవై రోజులు చుక్క లేదు. చుట్టుపక్కల చేలు వడలిపోయాయి. పగిడయ్య పెసర మాత్రం తలెత్తుకునే ఉంది.

ఆగస్టులో నిర్మలాదేవి జీపు వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆడమనిషికి అడవిలో భోజనం ఎలాగని పద్మావతమ్మ కూడా క్యారియరు పట్టుకుని వచ్చింది. నిర్మలాదేవి ఎర్ర చీటీ మడిలో ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, బక్కెట్లో కడిగి, వేరు బుడిపెను బ్లేడుతో కోసింది. లోపల ఎర్రగా ఉంది.

"పనిచేస్తున్నాయండీ," అంది. "పదిహేను రోజులు ఎండలో ఉండి కూడా. వైరాలో ఇల్లు చూసుకోండి."

రామ్‌చందర్ ముఖంలో వైరా కనబడింది.

తెల్ల చీటీ మడిలో తవ్వింది. అవే బుడిపెలు, అదే ఎరుపు. బాగుందంది. ఏమీ పట్టించని మూడో మడిలో తవ్వింది. అక్కడా అవే బుడిపెలు, అంతే ఎరుపు. బ్లేడు కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"రామ్‌చందర్ గారూ, మూడు మడుల్లోనూ ఒకటే పొట్లం వాడారు. అలాగే రాస్తాను."

"లేదు మేడమ్. నా చేతుల మీదనే విత్తినం."

"అయితే మీ చేతుల్లోనే కలిశాయి."

పగిడయ్య ముందుకు వచ్చాడు. "సారు తప్పు లేదమ్మా. ఆ ఎర్రటియి ఎండ సూడనే లేదు. నేనే తడి ఇసుకల దాచిన. పాణమున్నయని సారే చెప్పె."

రామ్‌చందర్ పక్కనున్న బండ మీద కూర్చున్నాడు. బండ కాలుతోంది. లేచాడు.

"ఎండలో పెట్టకూడదా?" అంది పద్మావతమ్మ, క్యారియరు కింద పెడుతూ. "మీ తెల్లవాటిని నేను డాబా మీద పదిహేను రోజులు ఎండబెట్టానండీ. జీవులు పడ్డాయన్నారు మీరు. అన్నీ పోయాయి, చెప్పానుగా."

 నిర్మలాదేవి మూడో మడి దగ్గరికి మళ్లీ వెళ్లి ఇంకో మొక్కను తవ్వింది. ఈసారి మొక్కను వదిలేసి మట్టిని చేతిలోకి తీసుకుంది.

"ఈ మడిలో ఏం వేశావు పగిడయ్యా?"

"ఏం ఎయ్యలేదమ్మా. మా తాతల కాన్నుంచి పెసర, బొబ్బరే ఏస్తం."

"ఎరువు?"

"యాడిదమ్మా. ఎండ, వాన. వానగూడ ఎప్పుడన్న."

ఆమె ముఖం మెల్లగా మారింది. "మేం ఆరేళ్లుగా సీసాల్లో వెతుకుతున్న, ఎండకు చావని రకం ఈ మట్టిలోనే ఉంది," అంది. "పట్టించినా పట్టించకపోయినా మూడు మడుల్లోనూ పనిచేసింది ఈ మట్టిలోని జీవులేనండీ." గోనెసంచి తెప్పించి మట్టి నింపించింది. రామ్‌చందర్ భుజం తట్టింది. మూడు మడులు వేయకపోతే ఇది బయటపడేదే కాదని, అతని పేరు నివేదికలో మొదటనే రాస్తానని చెప్పింది. రామ్‌చందర్ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ మట్టిని కనీసం మూడేళ్లు వరసగా చూడాలి. దీని సంగతి తెలిసినవాళ్లు దగ్గరుండాలి. మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదపవద్దని ఇవాళే రాస్తాను."

"మేడమ్, వైరా..."

"వైరాలో ఏముందండీ, అంతా చెరువు కింది భూమి," అంది ఆమె ఆప్యాయంగా.

రామ్‌చందర్ నోరు తెరిచేసరికి జీపు స్టార్టయింది. మట్టికి ఎండ తగలకూడదని గోనెసంచిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. జీపు సత్తుపల్లి మీదుగా, వైరా దాటి, హైదరాబాదు వెళ్లింది.

ఆ ఏడాది దమ్మపేట నుంచి బదిలీ అయినది ఆ సంచి ఒక్కటే.