నాడెలో మోగిన గజ్జె

ఆ సోమవారం పొద్దున గుడియాత్తంలో ధనశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటి బస్సుకు వేలూరు వెళ్లి, పేటెంటు వ్యవహారాలు చూసే నివేదితకు, మగ్గంలో నూలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే తన కొత్త నాడె చూపించి, సాయంత్రానికి ఆవిష్కర్తగా తిరిగొచ్చి మగ్గంలో కూర్చోవడం. నాడెలో నూలు అయిపోవచ్చేసరికి ఒక చిన్న రేకు తల ఎత్తి హెచ్చరిస్తుంది. తాతముత్తాతలకు తట్టనిది తనకు తట్టింది కనుక సర్కారు కాగితం మీద తన పేరు పడి తీరాలన్నది అతని పట్టుదల.

నివేదిత నాడెను తిప్పి చూసింది. "ఇట్లాంటిది లోకంలో యాడైనా ఉండాదా అని వెతకాలన్నా. పది దినాలు పడుతుంది. అందాకా ఎవురికీ చూపించొద్దు."

ఆ మాటను ధనశేఖర్ అవసరానికి మించి గౌరవించాడు. వీధి తలుపు మూశాడు. కిటికీకి దుప్పటి కట్టాడు. అదీ చాలక రేకు పైన తోలుముక్కతో మూత బిగించాడు. దాంతో రేకు లేచినా అతనికే కనపడక, నూలు అయిపోయింది తెలియక, నేస్తున్న రెండు లుంగీలు పాడయ్యాయి. భార్య లోకేశ్వరి తన పాత పట్టీలోంచి ఒక గజ్జె ఊడదీసి, రేకు లేచినప్పుడే మోగేటట్టు మూత లోపల అమర్చింది.

"మీకు కనపడకపోతే పోనీ, వినపడుతుంది కదా" అంది.

"నాడెకు కూడా నగలా?" అని అతను విసుక్కున్నాడు గానీ తీసేయలేదు.

మూసిన తలుపుల వెనక ఉండుండి గజ్జె ఘల్లుమనడం ఎదురింటి మంగమ్మ చెవిన పడింది. మర్నాటికి ధనశేఖర్‌కు గాలి సోకిందని వీధంతా తెలిసింది. మూడోనాడు అత్త రుక్మిణమ్మ పేర్ణాంబట్టు బస్సులోంచి నిమ్మకాయలతో, వేపమండలతో దిగింది.

"లోపల ఎవురుండారు నాయనా?"

"ఎవురూ లేరత్తా."

"మరి ఆ గజ్జె ఎవురిది?"

"మీ కూతురిదే."

"అది వంటింట్లో ఉండాది కదప్పా" అని రుక్మిణమ్మ కొంగు బిగించింది.

గుట్టు విప్పలేక ధనశేఖర్ తల వంచాడు. పేటెంటు కోసం వేపమండల దెబ్బలు తినడం అతనికి గొప్పగానే అనిపించింది.

పదోరోజు, శుభవార్త ఆమె కూడా వినాలని భార్యను వెంటబెట్టుకుని వేలూరు వెళ్లాడు. నివేదిత ముఖంలో నవ్వు లేదు.

"ఇది ముందే బయటపడిపోయిందన్నా. కొత్తదని అడగలేం."

"ఎవురు వాడు? యాడోడు?"

ఆమె లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. నిరుడు ఆయుధపూజనాడు ఎవరో తీసి పెట్టిన వీడియో. పసుపు కుంకుమ పెట్టిన మగ్గం ముందు ఒక మనిషి, వీధినంతా పిలిచి, అదే నాడెను మూడుసార్లు విప్పి చూపిస్తున్నాడు. "ఎవురైనా చేసుకోవచ్చునప్పా, ఇందులో దాచేదేముండాది" అంటున్నాడు. ఆ మనిషి ధనశేఖరే.

అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. చేతిలోని సంచి జారి నేల మీద పడింది. ఆ అదటుకు లోపల రేకు లేచి గజ్జె మోగింది.

"అదేందన్నా?"

"ఏం లేదమ్మా, ఈమె పెట్టిన సోకు."

నివేదిత నాడె తీసి రేకును నాలుగుసార్లు లేపి చూసింది. "ఈ గజ్జె ఏర్పాటు వీడియోలో లేదు. నేను వెతికినంతలో ఇంకెక్కడా లేదు. దీనికి పేటెంటు అడగొచ్చు" అంటూ ఫారం తెరిచింది. "కనిపెట్టినోళ్ల పేరు?"

ధనశేఖర్ గొంతు సవరించుకున్నాడు.

"నిజమే రాయాలన్నా" అంది నివేదిత.

అతను భార్యవైపు చూశాడు. "లోకేశ్వరి" అన్నాడు చివరికి.

అల్లుడికి తీసిన దిష్టి కూతురికి పనిచేసిందని రుక్మిణమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతోంది.