తువ్వాలు కింద చెయ్యి

మా మిరప మార్కెట్టు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, దళారీ మొహిద్దీన్ బాషాకు, అనగా నాకు, జబ్బు ఉన్నదో లేదో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. తేలేదాకా ఉన్నట్టే భావించి నడుచుకోవాలని మార్కెట్టు పెద్దలు నిర్ణయించారు. నేను ఆ నిర్ణయాన్ని మనసారా సమర్థించాను. అనుమానం వచ్చిన టిక్కీని, అంటే మిరప బస్తాని, నేను కూడా తాలుకాయల లెక్కలోనే వేస్తాను.

ఇదంతా ఈ ఏడాదే, అంటే 2003లోనే, మా వ్యాపారుల సంఘం అధ్యక్షులు శరత్‌చంద్రగారి పుట్టినరోజుతో మొదలైంది. ఆ శుభసందర్భంలో రక్తదాన శిబిరం పెట్టారు. రక్తం ఇచ్చినవాళ్ళకి అరటిపండు, కూల్‌డ్రింకు, అధ్యక్షులవారి పక్కన ఒక ఫోటో. సేవాభావం నాలో పుట్టుకతోనే ఉంది, ఫోటోగ్రాఫర్ రావడంతో ఆ రోజు బయటపడింది. వారం తిరక్కుండా గుంటూరు నుంచి కబురొచ్చింది. మీ రక్తంలో హెపటైటిస్ సి అనుమానం కనిపిస్తోంది, వచ్చి కలవండి అని. అమ్మిన సరుకు వెనక్కి రావడం నాకు కొత్త కాదు. దానం చేసింది వెనక్కి రావడం మాత్రం మా మార్కెట్టు చరిత్రలో నాదే మొదలు.

గుంటూరులో రెండోసారి పరీక్ష చేయిస్తే లేదన్నారు. అనుమానం తీరక మూడోసారి రక్తం హైదరాబాదు పంపిస్తే, వైరస్ కనపడలేదన్నారు. కనపడకపోవడానికీ లేకపోవడానికీ తేడా ఏమిటని డాక్టరుగారిని అడిగాను. "వచ్చి పోయి ఉండొచ్చు. మొదటి పరీక్షే పొరపడి ఉండొచ్చు. ఆర్నెల్లాగి మళ్ళీ చేద్దామండి" అన్నారు.

"మరి ఈ నీరసం, కీళ్ళనొప్పులు, కుడి డొక్కలో ఈ బరువు?"

"రిపోర్టు బాగానే ఉందిగా."

రిపోర్టు నిజంగానే బాగుంది. బాగాలేనిది నేనొక్కడినే. మొదట కోపం వచ్చింది గానీ, బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఆయన తప్పేమీ కనపడలేదు. ఒక్క టిక్కీలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, బండెడు సరుకుకీ జాతకం చెప్పేవాణ్ణి, ఒక చిన్న సీసాడు రక్తంతో నా జాతకం చెప్పలేదని డాక్టరుని తిట్టుకోవడం ఏం న్యాయం?

డాక్టరుగారు ఇంకో మాట కూడా చెప్పారు. ఈ జబ్బు రక్తంతో అంటుకుంటుంది, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే ప్రమాదం, గ్లాసుతో, కంచంతో, చెయ్యి పట్టుకుంటే రాదు అని. ఈ మాట నేను మార్కెట్టులో అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు జబ్బు పేరు మాత్రం గుర్తుపెట్టుకుని మిగతాది నాకే వదిలేశారు.

మర్నాడే టీకొట్టులో నాకు ప్రత్యేక గుర్తింపు లభించింది. పిడికి ఎర్రదారం కట్టిన స్టీలుగ్లాసు ఒకటి విడిగా మేకుకి వేలాడదీశారు. రెండు గ్లాసుల పద్ధతి మా ప్రాంతంలో పూర్తిగా పోయిందని అధికారులు ఎప్పుడో రాసి పంపారు. పోలేదని, పిలిస్తే వెంటనే పలుకుతుందని నా వల్ల రుజువైంది. సానుభూతి మాత్రం లోటు లేకుండా అందింది. ఒకాయన నేలఉసిరి పసరు తాగమన్నాడు. ఒకాయన మణికట్టు మీద వాత పెట్టించుకోమన్నాడు. ఉప్పు మానమన్నారు, నూనె మానమన్నారు. కారం మానమని మాత్రం ఎవరూ అనలేదు, వ్యాపారధర్మం అలాంటిది. నేను అన్నీ పాటించాను. వాత కూడా పెట్టించుకున్నాను. దాంతో పాత నొప్పులన్నీ అలాగే ఉండి, మణికట్టు మీద కొత్తగా ఒకటి చేరింది.

ఇంట్లో నా కంచం నేనే విడిగా పెట్టుకోబోతే అమీర్‌బీ లాక్కుంది. "ఇన్నేళ్ళూ నీ కోపతాపాలే అంటుకోలా, ఈ కంచం అంటుద్దా?" అని నేను తాగి వదిలేసిన టీ తాగేసింది. నా భార్యకి చదువు రాదు కాబట్టి ఇలాంటి ధైర్యాలు చేస్తుందని సరిపెట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, అది కూడా నీరసం ఖాతాలో వేశాను.

అసలు కష్టం తువ్వాలు దగ్గర వచ్చింది. మా మార్కెట్టులో బేరం నోటితో జరగదు. కొనేవాడూ దళారీ ఒకే తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర తేల్చుకుంటారు. పండించిన రైతుకి తువ్వాలు కదలడం కనిపిస్తుంది, ధర కనపడదు. తర్వాత మేము చెప్పిందే ధర. ఇంత పకడ్బందీ ఏర్పాటులో, నా తువ్వాలు కింద చెయ్యి పెట్టడానికి ఒక్క వ్యాపారీ ముందుకు రాలేదు. దూరంగా నిలబడి ధర కేకేయడం మొదలుపెట్టారు.

ఆ కేక రైతులు విన్నారు.

పారదర్శకత కోసం ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని కమిటీలు వేశాయో మీకు తెలుసు. ఆ పని నా అనుమానపు వైరస్ ఒక్క ఉదయంలో చేసింది. సీజను మధ్యకొచ్చేసరికి బళ్ళన్నీ నా పందిరి ముందే ఆగుతున్నాయి. మూడెకరాలు కౌలుకి చేసే వెంకటరావమ్మ టిక్కీలు దింపించి, నాకు దణ్ణం పెట్టి మరీ చెప్పింది. "నీ జబ్బు చల్లగుండాలి బాషా! ఇన్నేళ్ళకి నా కాయల ధర నా చెవిన పడింది."

వ్యాపారం పెరిగింది. కానీ నా చెయ్యి ఖాళీగా ఉండిపోయింది. పందిట్లో కూర్చుని పక్కవాళ్ళ తువ్వాళ్ళు కదులుతుంటే చూసేవాణ్ణి. సాటి మనిషి వేలు పట్టుకోక ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే గుండె బరువెక్కేది. డొక్కలో నొప్పి కన్నా అదే ఎక్కువ బాధించింది. గౌరవంగా మోసం చేసుకునే రోజులు మళ్ళీ వస్తే చాలనుకున్నాను.

నా అవస్థకి సంఘం కరిగిపోయింది. శరత్‌చంద్రగారు సభ పెట్టి ప్రసంగించారు. "సోదరులారా! మన బాషా జబ్బు మూలంగా మార్కెట్టు రహస్యాలు వీధిన పడుతున్నాయి. ఇది బాషా ఒక్కడి ఆరోగ్యం కాదు, మనందరి ఆరోగ్యం. ఆర్.ఎం.పి. రామచంద్రమూర్తిగారు బలం ఇంజెక్షన్ ఇస్తారు. బాషాతోపాటు అందరం వేయించుకుందాం. ఆపైన అనుమానం లేదు, అంటు లేదు. అందరం ఒకటే!" చప్పట్లు బాగా పడ్డాయి.

శిబిరం రోజున ముందుజాగ్రత్తగా నన్ను వరస చివర నిలబెట్టారు. రామచంద్రమూర్తిగారు ఒక దూదిముద్ద, ఒక సూదితో మార్కెట్టు మొత్తానికి బలం ఎక్కిస్తూ నా దగ్గరికొచ్చారు. డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. నోరు పెగల్చుకుని, "సూది మార్చండి సార్" అన్నాను.

"పొద్దున్నే ఉడకబెట్టా కదయ్యా!"

శరత్‌చంద్రగారు నొచ్చుకున్నారు. "ఏంది బాషా, మా రక్తాన్నే అనుమానిస్తావా? నీకోసం ఇంతమందిమి పొడిపించుకున్నామే!"

అందరూ నావైపు చూశారు. నేను సిగ్గుపడ్డాను. ఇన్నాళ్ళు అనుమానం ఎంత బాధో అనుభవించినవాణ్ణి, ఇంతమంది పెద్దమనుషుల్ని ఎలా అనుమానించను? చొక్కా చెయ్యి పైకి మడిచాను.

అక్కడే, అందరి ముందూ, శరత్‌చంద్రగారు నా తువ్వాలు కింద చెయ్యి పెట్టి నా వేళ్ళు గట్టిగా నొక్కారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన నొక్కింది వెంకటరావమ్మ కాయల ధర. బాగా తక్కువ నొక్కారు. నేను కాదనలేదు.

పక్కనే తన టిక్కీల దగ్గర నిలబడ్డ వెంకటరావమ్మ కదులుతున్న తువ్వాలు వంక చూసింది. "నయమైపోయిందా బాషా?"

"అయిందమ్మా."

"అయ్యో" అంది.

ఇంటికెళ్ళి ఈ శుభవార్త చెబితే అమీర్‌బీ ఒక్కటే అడిగింది. "సూది మార్చారా?"

"లేదు. నేను వాళ్ళని నమ్మినట్టు తెలియాలిగా."

ఆమె నా టీగ్లాసు అందుకుని ఎప్పట్లాగే మిగతాది తాగింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

వచ్చేనెల ఆర్నెల్ల పరీక్ష. ఈసారి ఫలితంలో అనుమానాలు ఉండవని నా ఆశ. మీరు నన్ను చూసి నవ్వుకోవడం సహజమే. నవ్వడం అయ్యాక, మొన్న జ్వరానికి మీరు వేయించుకున్న సూది అంతకుముందు ఎవరికి వేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. అడగలేదు కదూ? మీది కూడా నాలాంటి పెద్దమనిషి తరహానే.